జేజి చష్మా దారం

మా మనవరాలు మొన్న హైదరాబాదు నుంచి వస్తూ నాకోసం ఒక గొలుసు పట్టుకొచ్చింది. బంగారందీ కాదు, వెండిదీ కాదు. నల్లపూసలూ మధ్యమధ్య ఎర్ర గాజుపూసలూ గుచ్చిన సన్నని గొలుసు, రెండు కొసలకూ రబ్బరు ఉచ్చులు. ఆ ఉచ్చుల్ని కళ్ళజోడు కాడలకు తొడిగి మెడలో వేసుకుంటే, జోడు ఎక్కడ పెట్టానో అని రోజుకు పదిసార్లు ఇల్లంతా వెతుక్కునే బాధ తప్పుతుందట. చెప్పడమే కాదు, తనే నా మెడలో వేసి, అద్దం తెచ్చి ముందర పెట్టి, "నానమ్మా, సూపర్ ఉన్నావు" అంది. మా ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మెడలో నల్లపూసలు చూసి కోడలు ఏమీ అనలేదు, పాలుపోయడానికి వచ్చిన ఆవిడ బాగుందమ్మా అని మెచ్చుకుంది. నేనే రెండు నిమిషాలు కూడా ఉంచుకోలేకపోయాను. దురద పెడుతోందే అని తీసి పక్కన పెట్టేశాను. అబద్ధం. ఎనభై దగ్గరపడుతున్నా నా నోటికి అబద్ధం ఎంత సులువుగా వస్తుందో! ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. దానికి చెప్పలేని సంగతి ఇక్కడ రాస్తున్నాను. రాయడం కూడా నాకేమీ గొప్ప కాదు, చెప్పవలసినవాళ్ళంతా పోయాక రాస్తున్నాను కదా.

గద్వాల కోటకు వెనకవైపు, మగ్గాల ఇళ్ళు వరసగా ఉన్న వీధిలో మా ఇల్లు. ముందరి గదంతా మగ్గమే. నేలలో గుంట తీసి, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నాయన నేసేవాడు. గుంట అంచుకు నల్లబండలు పరిచి ఉండేవి. వెనకగదిలో పొయ్యి, రాట్నం, జొన్నల కాగు, మేము. పొద్దున లేచేసరికి ఇంట్లో మూడు వాసనలు ఉండేవి: నూలుకు పట్టించడానికి కాచిన గంజి పులిసిన వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన, అద్దకం ఆరని పట్టు వాసన. ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. వేరే వీధుల పిల్లలు మా దగ్గర కంపు కొడుతుందని ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఇప్పుడు ఎక్కడైనా పులిసిన గంజి వాసన తగిలితే కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

జేజి అంటే మా నాయన తల్లి. పేరు తిమ్మక్క. నేను పుట్టకముందే ఆమె మొగుడు, మా జేజెబ్బ, పోయాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆమెకు బోసి మెడ, బోసి చేతులు, నుదుట విభూతి కూడా లేని బోసి ముఖం. ఆ ముఖమే నాకు అందంగా ఉండేది. వీధిలో ఆమెను అందరూ 'అచ్చు అతికే తిమ్మక్క' అనేవాళ్ళు. ఆ పని ఏమిటో చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి తెలియదు. మగ్గం మీద ఒక పడుగు నేత అయిపోయాక కొత్త పడుగు ఎక్కించాలంటే, పాతదాంట్లో మిగిలిన ఒక్కొక్క పోగు కొసకు కొత్తదాంట్లోని ఒక్కొక్క పోగు కొసను అతకాలి. ముడి వేస్తే పనికిరాదు, దువ్వెనలాంటి అచ్చు పళ్ళలోంచి ముడి దూరదు. బొటనవేలికీ చూపుడువేలికీ ఇంత బూడిద అద్దుకుని, రెండు కొసలనూ కలిపి ఒక్క మెలి తిప్పాలి. అలా వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. జేజి అతికితే రెండు రోజులకు అయిపోయేది, ఒక్క పోగు ఊడేది కాదు. పక్క ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి, "తిమ్మక్కా, జర మా అచ్చు అతికి పోరాదే" అని బతిమిలాడుకుని తీసుకుపోయేవాళ్ళు. ఆ పిలుపులోనే ఆమె పెద్దరికమంతా ఉండేది. మొగుడు పోయిన ఆడదాన్ని పెళ్ళికి పిలవరు, పేరంటానికి పిలవరు. అచ్చు అతకడానికి మాత్రం పిలుస్తారు.

ఆ కళ్ళు పోయాయి. పూర్తిగా కాదు. దూరాన కోట బురుజు మీద వాలిన కాకి కనిపించేది గానీ వేళ్ళ మధ్య పోగు కనిపించేది కాదు. ఒకసారి శేషమ్మ గారింట్లో అతికిన అచ్చులో ముప్పై పోగులు తప్పాయి. శేషమ్మ మా ఎదురింటావిడ, నోరు పెద్దది. "ఇగ నువ్వు కూసోవే తిమ్మక్కా, శాన చేసినవు గని" అని అందరిముందూ అనేసింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. మా నాయన కూడా ఏదో సాకు చెప్పి అవతలి వీధి నుంచి వేరే ఆమెను పిలిపించాడు. ఆమె మా మగ్గం దగ్గర కూర్చుని అతుకుతుంటే జేజి గోడకు ఆనుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఒట్టి వేళ్ళను బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చునేది. అన్నం పెడితే, "పని చెయ్యనిదాన్ని, గింత ఎందుకు?" అని సగం తీసి నా కంచంలో వేసేది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో కళ్ళజోడు అంటే పెద్దమనుషుల వస్తువు. ఎవరెవరికి ఉండేవో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క తరహా. కరణంగారు రెండు కాడలకూ నల్లదారం కట్టి, దాన్ని తలవెనక పిలకకింద ముడివేసుకునేవారు. రాత అయిపోగానే అద్దాలు నుదుటిమీదికి నెట్టేసి, తర్వాత జోడేదిరా అని ఇంటిల్లిపాదినీ తిట్టేవారు. మసీదు దగ్గర పిల్లలకు చదువు చెప్పే మౌల్వీసాబుకు సన్నని వెండి గొలుసు ఉండేది. ఆయన తల ఊపినప్పుడల్లా అది గడ్డంలో చిక్కుకునేది, చాలా నిదానంగా విడదీసుకునేవాడు. దర్జీ హుసేను చీర అంచుగుడ్డ పేలికను మెడకు వేలాడేసుకుని దానికే కళ్ళజోడు, దానికే గుండుసూదులు. కోట జమాదారు ఒకాయన ఏ దారమూ లేకుండా తలపాగా మడతలో దోపుకునేవాడు, వంగి సలాం చేసినప్పుడల్లా ఒక చెయ్యి తలమీద ఉండేది. మేము ఆడపిల్లలం కొబ్బరిపీచుతో కళ్ళజోళ్ళు చేసుకుని వీళ్ళందరినీ అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఇంతమందిలో ఒక్క ఆడమనిషి లేదని అప్పుడు నాకు తట్టనే లేదు.

రాయచూరు నుంచి సంతకు ఒక ముసలి సాయిబు వచ్చేవాడు. రేకు పెట్టెలో పాత కళ్ళజోళ్ళు, ఒక సూది, ఒక దారపు ఉండ. అదే ఆయన దవాఖాన. ఒక్కొక్క జోడు పెట్టి, సూదిలో దారం ఎక్కించమనేవాడు. ఎక్కితే ఆ జోడు మనది. నాయన ఒకరోజు జేజిని బలవంతంగా సంతకు తీసుకుపోయాడు. వెంట నేనూ. జేజి సిగ్గుతో చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ముండమోపిదాన్ని, నాకెందుకురా చష్మా? నలుగురు నగుతరు" అంది.

"నగేటోళ్ళను నగనియ్యి అవ్వా. పోగు కానొస్తదా లేదా, అది సూడు" అన్నాడు నాయన.

ఆరో జోడుకో ఏడో జోడుకో జేజి చెయ్యి ఆగింది. దారం కొసను నాలుక మీద తడిపి, ఒక్కసారికే సూదిలో ఎక్కించేసింది. ఎక్కించి, సూదిని కింద పెట్టకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "రంగీ, నీ బుగ్గ మీద గింత మచ్చ ఉన్నదేందే? నాకిన్నేండ్లు తెల్వనే తెల్వదు" అంది. సాయిబు పకపకా నవ్వాడు. ఆ జోడుకు ఒక కాడ విరిగిపోయి ఉంది. "పరేషాన్ కావొద్దు అమ్మా. గీ పక్కొకటి గా పక్కొకటి దారం కట్టి మెడల ఏసుకో. ముక్కు మీద నిలుస్తది. పని అయినంక జారవిడువు, ఎక్కడికీ పోదు" అని ఒక సుతిలీ, జనపనార పురికొస ముక్క, కట్టి ఇచ్చాడు.

వారం తిరక్కుండా జేజి మళ్ళీ మా మగ్గం దగ్గర కూర్చుంది. వాకిట్లోంచి పొద్దుటి ఎండ పడేచోట పీట వేసుకుని, పక్కన బూడిద చిప్ప పెట్టుకుని. మధ్యలో పనాపి, జోడు గుండెల మీదికి జారవిడిచి, వీధిలో పోయేవాళ్ళను పేరుపేరునా పలకరించేది. పదేళ్ళు చిన్నదైపోయింది. రొట్టె కూడా రెండోది అడిగి తినేది. ఆ సుతిలీ మాత్రం ఆమె మెడను కోసేసింది. చెమటకు తడిసి, గరుకు పోగులు గుచ్చుకుని, మెడ చుట్టూ ఎర్రగా దద్దురు లేచింది. రాత్రి పడుకునేముందు అమ్మ దానికి కొబ్బరినూనె రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ నెలలో మా మగ్గం మీద పసుపుపచ్చ పట్టు అంచు చీరలు నడుస్తున్నాయి. పడుగు పోయగా మిగిలిన పట్టు పోగులు గూట్లో ఉండేవి. తెల్ల నూలు కూడా ఉంది, లేకపోలేదు. కానీ పట్టు మెత్తన. నాకు పదేళ్ళుంటాయేమో. ఎంత మెత్తన అన్నదే చూశాను, ఏ రంగు అన్నది చూడలేదు. ఆరు పోగులు తీసుకుని, జేజి నేర్పినట్టే తొడమీద పేని, రెండు కొసలా ముడులు వేసి, పొద్దున్నే ఆమె చేతిలో పెట్టాను.

జేజి చష్మా పెట్టుకుని ఆ దారాన్ని చూసింది. రంగు కనిపించకపోవడమన్నది లేదు, ఆ అద్దాల్లోంచి నా బుగ్గ మీది మచ్చే కనిపించింది కదా. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "ఒసేయ్, పసుపుదే దొరికిందానే నీకు?" అని గదమాయించింది. జేజి దారాన్ని వేళ్ళతో ఒకసారి నిమిరి, "ఊకో. పోరి పానంపెట్టి పేనింది. దారమే గద, దారమే" అంది. సుతిలీ విప్పించి నా చేతనే కట్టించుకుంది. అప్పుడు నాకు ఎంత గర్వమో చెప్పలేను. వీధిలో ఎవరు కనిపించినా, మా జేజి మెడలో దారం నేనే పేనాను అని చెప్పుకుని తిరిగాను. చెప్పుకోకపోతే ఎవరికైనా తెలిసేదా? నా నోటితోనే నేను చాటింపు వేశాను.

పదిహేను రోజులకు శేషమ్మ పెద్దకూతురి పెళ్ళి వచ్చింది. మా వీధిలో తాళికి కట్టే దారం బజారులో కొనేవాళ్ళు కాదు. పెళ్ళివారింట్లో ముత్తైదువులు, ఇంకా పెళ్ళికాని ఆడపిల్లలు కూర్చుని, కొత్త నూలు పేని, పసుపు పట్టించేవాళ్ళు. చెయ్యి మంచిదని పేరున్న పిల్లలను ప్రత్యేకంగా పిలిచేవాళ్ళు. నా చెయ్యి మంచిదనే పిలిచారు. శేషమ్మ చిన్నకూతురు గౌరి నా జతకత్తె, తనే వచ్చి తీసుకుపోయింది. తలంటుకుని, పూలు పెట్టుకుని, అందరి మధ్యా కూర్చుని నూలు చేతిలోకి తీసుకున్నాను. రెండు మెలికలు తిప్పానో లేదో, శేషమ్మ చరచరా వచ్చి నా వేళ్ళలోంచి ఆ నూలు లాక్కుంది.

"నీ చేతి దారం మాకొద్దు తల్లీ. నువ్వు పేనింది ముండమోపి మెడల పడ్డది. మా బిడ్డ మెడలకు రావద్దు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "అయితే తిమ్మక్కకు మల్ల పెండ్లి గూడ అయిందా ఏంది, మమ్మల్ని పిల్వకపోతిరి" అన్నారు. ఇక నవ్వులే నవ్వులు. గౌరి కూడా నవ్వింది. దానిమీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, అది పోయి కూడా పదేళ్ళయింది. ఏడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి జేజి అరుగు మీదే ఉంది. గుండెల మీద చష్మా, మెడలో ఆ పసుపు దారం, ఎండకు మెరుస్తోంది. "ఏమైందే బిడ్డా, గప్పుడే వస్తివి?" అని చేతులు చాపింది. ఆ చేతుల్లోకి పోయి ఉంటే సరిపోయేది. నేను పోలేదు. ఆ మెడ చూడగానే నాకు సిగ్గేసింది. మా జేజిని చూసి నేను సిగ్గుపడ్డాను. ఇది రాయడానికే నాకు ఇన్ని పేజీలు పట్టాయి.

మర్నాడు జేజి స్నానానికి పోతూ చష్మా తీసి గూట్లో పెట్టింది. మగ్గం దగ్గరున్న నాయన కత్తెర నేను తీసుకుని, దారం మెడవెనక వచ్చేచోట, ఆరు పోగుల్లో నాలుగు కోశాను. రెండు వదిలేశాను. పూర్తిగా కోస్తే ఎవరో కోశారని తెలుస్తుంది కదా. రెండు రోజుల్లో అదే తెగిపోతుంది, ఎప్పుడూ కూర్చునే ఉంటుంది కనుక జోడు ఒళ్ళో పడుతుంది, అప్పుడు తెల్లదారం పేని ఇస్తాను. ఇదీ నా తెలివి. పదేళ్ళ పిల్ల చేసిన పని అని ఎవరైనా అనవచ్చు. నాలుగు కోసి రెండు వదలాలన్న లెక్క పదేళ్ళ పిల్లకు ఎలా తట్టింది మరి? బాగా ఆలోచించే చేశాను.

అదే పూట, మధ్యాహ్నం కూడా కాలేదు. నాయన మగ్గం గుంటలోంచి, "అవ్వా, జర ఇటు రా. ఇక్కడ రెండు పోగులు వరస తప్పినట్టున్నయి" అని పిలిచాడు. జేజి లేచి వచ్చి, జోడు పెట్టుకుని మగ్గం మీదికి వంగి చూసి, జోడు జారవిడిచింది. లేచేటప్పుడు దారం మగ్గం చెక్క కొసకు తగులుకుంది. మంచి దారమైతే మెడ పట్టి ఆపేది, ఆమె ఆగి విడిపించుకునేది. ఆ రెండు పోగులూ పుటుక్కుమన్నాయి. జోడు గుంట అంచున నల్లబండ మీద పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఒక అద్దం ముక్కలైంది, రెండోది అడ్డంగా చిట్లింది. జేజి అలాగే వంగి, కనిపించని ఆ ముక్కల్ని నేలమీద చేత్తో తడుముతూ, "పోయిందా? రెండూ పోయినయా? ఒక్కటన్న ఉన్నదా?" అని అడుగుతోంది. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను.

నాయన సాలెవాడు. దారం సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఆరు పోగుల పట్టు గిట్ల తెగుతదా? ఏదీ, ఇటియ్యి సూస్త" అని చెయ్యి చాపాడు. జేజి అప్పటికే ఆ దారాన్ని నేలమీంచి తీసి చేతిలో పట్టుకుంది. నాయన చేతికి ఇవ్వలేదు. చుట్ట చుట్టి, బొడ్లో దోపుకుంది.

"సూసేదేమున్నది? తిమ్మప్ప తెంపిండు. ముండమోపి మెడకు పసుపు దారమెందుకని దేవుడే తెంపిండు. ఇగ ఆ ముచ్చట ఎత్తకుర్రి" అంది.

దేవుడే తెంపాడన్న మాట సాయంత్రానికి వీధంతా పాకింది. శేషమ్మ వచ్చి, "నేను అననే అంటిని" అని అరగంట కూర్చుని పోయింది. నాకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగా హాయిగా పట్టింది. దేవుడు నా తప్పు తనమీద వేసుకున్నాడనుకున్నాను. జేజి ఆ వారం నుంచే శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది, మా ఇలవేల్పు తిమ్మప్పకు అపచారం జరిగిందని. ఒక్కపొద్దంటే ఒక పూట తినాలి, ఆమె ఆ పూట కూడా తినేది కాదు. పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటిదాకా నీళ్ళు, అంతే. చిట్లిన అద్దంతో నాలుగు రోజులు ప్రయత్నించింది. ఒక పోగు రెండు పోగులుగా కనిపిస్తోందని పక్కన పెట్టేసింది. రాయచూరు సాయిబు తర్వాత సంతకు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. లడాయి రోజులు, యుద్ధం మూలాన అద్దాల సరుకే దొరకడం లేదని నాయన రాయచూరుదాకా పోయి వట్టిచేతులతో వచ్చాడు. అవతలి వీధి ఆమె మళ్ళీ మా మగ్గం దగ్గర కూర్చుంది. జేజి మళ్ళీ గోడకు ఆనుకుంది. రెండో రొట్టె అడగడం మానేసింది. మొదటిదాంట్లో సగం మళ్ళీ నా కంచంలోకి రావడం మొదలైంది. నేను తిన్నాను.

ఇప్పటి పిల్లలకు ఇదంతా పిచ్చిగా ఉంటుంది. దారం ఏ రంగైతేనేం, ఎవరి మెడైతేనేం అంటారు. నిజమే, రోజులు మారాయి. మా ఆయన పోయాక నా మెడలో గొలుసు నా కొడుకే ఉంచమన్నాడు, బొట్టు కోడలు పెట్టింది. నాగర్‌కర్నూలు బడిలో పాతికేళ్ళు పంతులమ్మగా చేశాను. నాలుగు కథలు రాసి నలుగురిలో పేరు తెచ్చుకున్నాను. మహిళా సంఘాలవాళ్ళు పిలిస్తే పోయి, భర్త పోయిన ఆడవాళ్ళను ఈ సమాజం ఎన్ని అవమానాల పాలు చేసిందో మైకు ముందర ఆవేశంగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువాలు కప్పారు. శేషమ్మ నూలు లాక్కున్న సంగతి ఒకటి రెండు చోట్ల చెప్పాను కూడా. జనం అయ్యో అన్నారు. కత్తెర సంగతి ఎక్కడా చెప్పలేదు. ప్రతిసారీ కథను అక్కడే, నేను ఏడుచుకుంటూ ఇంటికి వచ్చేచోటే ఆపేశాను. సమాజం అన్నప్పుడల్లా నా వేలు శేషమ్మ వైపే చూపింది. శేషమ్మ నాలుగు మాటలంది, అంతే. మా జేజి కళ్ళు తీసింది నేను.

మూడేళ్ళు గడిచాయి. నాకు వనపర్తి సంబంధం కుదిరింది. వాళ్ళదీ మగ్గాల ఇల్లే. పెళ్ళయి అత్తగారింటికి పంపే రోజు పొద్దున, వాకిట్లో బండి కట్టి ఉంది, అమ్మ మూటలు సర్దుతోంది. జేజి గోడ దగ్గర నుంచి పిలిచింది. అప్పటికి ఆమెకు మనుషులు కూడా సరిగా ఆనడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని, తన చీర కొంగులోంచి రెండు నూలు పోగులు లాగింది. ఒకదాన్ని రెండు చేతులతో పట్టి పుటుక్కున తెంపింది. రెండోదాన్ని నా చేతికిచ్చి, "కత్తెరతోని కొయ్యి" అంది. కోశాను.

"ఇగ కండ్లు మూసుకో రంగీ. రెండు కొసలూ ఏళ్ళతోని పట్టి సూడు. గిది తెగింది. కొస సన్నగయ్యి, తోకలెక్క మెత్తగుంటది. గిది కోసింది. మొద్దుగుంటది. తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది జేజీ."

"అచ్చు అతికెటోళ్ళకు కండ్లు లేకున్నా ఏళ్ళకు తెలుస్తది. ఏది తెగిందో, ఏది ఎవరన్న కోసిండ్రో. అత్తగారింట్ల పనికొస్తదని చెప్తున్న, అంతే."

నేను కళ్ళు తెరవలేకపోయాను. మూడేళ్ళ కింద నేలమీంచి దారం తీసి చుట్ట చుట్టిన ఆ వేళ్ళు, నాయనకు ఇవ్వకుండా బొడ్లో దోపుకున్న ఆ వేళ్ళు. అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. దేవుడు తెంపాడని ఆమె ఏనాడూ నమ్మలేదు. నమ్మినట్టు వీధికి చూపించింది. ఆ మాట నిలబడాలని వారం వారం కడుపు మాడ్చుకుంది. జేజి నా చెయ్యి పట్టుకుంది. ముఖంలో కోపం లేదు, కోపం ఉంటే ఏడ్చి కాళ్ళమీద పడేదాన్నేమో. "ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అంది, చాలా మెల్లగా. వాకిట్లోంచి నాయన, పొద్దెక్కుతున్నదని కేకేస్తున్నాడు. జేజి మాత్రం చెయ్యి వదలలేదు. ఎదురుచూసింది.

"ఏం లేదు జేజీ, పోయొస్త" అని చెయ్యి లాక్కుని లేచాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. నేను వనపర్తి నుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మంచంలో పడ్డాక కూడా శనివారం గుక్కెడు అంబలి తాగలేదని, ఎంత బతిమిలాడినా తిమ్మప్ప మొక్కంటూ పళ్ళు బిగబట్టిందని చెప్పింది. "ఎంత భక్తే మీ జేజిది! గసుంటి భక్తి నేనేడ సూడలే" అంది.

"అవునమ్మా, శాన భక్తి" అన్నాను.